విదేశాల్లో నర్సు ఉద్యోగం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మెడికల్ వార్డులో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. గల్ఫ్, యూకే, జర్మనీ... ఎటు వెళ్లాలో తేలడం లేదు. ఎక్కడికి త్వరగా పని అయితే అక్కడికే వెళ్లమంటున్నారు ఇంట్లో. కేర్ వర్కర్‌గా, అంటే వృద్ధులను, జబ్బుపడినవాళ్లను చూసుకునే సహాయకురాలిగా యూకే వెళ్లి అక్కడ నర్సుగా మారిపోవచ్చని ఒక ఏజెంటు చెప్పాడు. నిజమేనా?

జవాబు: ఏజెంటు మాట ముందు తేల్చుకుందాం. ఆ దారి ఇప్పుడు లేదు. 2024 మార్చి నుంచి కేర్ వర్కర్లు భర్తనో పిల్లలనో వెంట తీసుకెళ్లే వీలు తీసేశారు. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను రప్పించుకోవడమే ఆపేశారు. ఆ పేరుతో ఎవరు డబ్బు అడిగినా ఇవ్వకండి.

ఇక దేశం సంగతి. గల్ఫ్ దేశాలు ఎక్కువగా చూసేది అనుభవం. డేటాఫ్లో అనే సంస్థ ద్వారా మీ సర్టిఫికెట్లు సరిచూస్తారు, లైసెన్సు పరీక్ష రాయిస్తారు. మీ నాలుగేళ్లు అక్కడ బాగా పనికొస్తాయి. యూకేకి ఇంగ్లిష్ కావాలి: ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్ 6.5, మిగతా మూడూ 7. లేదా ఓఈటీలో (వైద్యరంగం వాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) రైటింగ్ సీ ప్లస్, మిగతా మూడూ బీ. దాంతోపాటు కంప్యూటర్ పరీక్ష సీబీటీ ఉంటుంది. అక్కడికి వెళ్లాక పది స్టేషన్ల ఓఎస్‌సీఈ (నర్సు పనులు చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష) పాసయితేనే రిజిస్ట్రేషన్. చేయి కడుక్కోవడం, రోగి పేరూ పుట్టిన తేదీ రిస్ట్‌బ్యాండ్‌తో సరిచూడటం, అలర్జీ అడగడం లాంటివి రోజూ చేసే పనులే కదా అని వదిలేస్తే ఓఎస్‌సీఈలో దెబ్బతింటారు. జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ రావాలి. అక్షరాల నుంచి మొదలుపెట్టేవాళ్లు ఏడాదికి తక్కువ లెక్క వేసుకోవద్దు. మీ చదువులో ఏం తక్కువైందో అక్కడివాళ్లు రాతపూర్వకంగా చెబుతారు. దాన్ని శిక్షణతోనో పరీక్షతోనో పూడ్చుకునేదాకా సహాయకురాలి హోదాలో, తక్కువ జీతానికి పనిచేయాలి.

చాలామంది అడగని విషయం ఒకటుంది, అది పని తీరు. యూకేలో, జర్మనీలో రోగికి స్నానం చేయించడం, తినిపించడం, టాయిలెట్‌కి తీసుకెళ్లడం కూడా నర్సు పనే. మన దగ్గర బంధువులు పక్కనుండి చేసేవన్నీ అక్కడ మీ చేతుల మీదే జరుగుతాయి. ఐవీ లైన్ పెట్టడం లాంటివి జర్మనీలో చాలాచోట్ల డాక్టర్లు చూసుకుంటారు. ఇది తెలియక వెళ్లినవాళ్లు ‘నేర్చుకున్నదంతా పోయింది’ అని కుంగిపోతారు. నిజానికి అదీ నర్సింగే, నైపుణ్యం కావాల్సిన పనే. అయినా మీ మనసు దానికి ఒప్పుకుంటుందో లేదో ఇప్పుడే చూసుకోండి. దేశాన్ని ఎంచుకునేటప్పుడు జీతం కంటే దీనికే ఎక్కువ విలువ ఇవ్వమని మా సలహా.

ప్రశ్న: నేను పనిచేసిన పాత ఆసుపత్రి మూతపడింది. అనుభవ పత్రం ఉంది, డేటాఫ్లోకి సరిపోతుందా?

జవాబు: పత్రం ఒక్కటే చాలదు. వాళ్లు పత్రం ఇచ్చినవాళ్లనే నేరుగా అడిగి సరిచూస్తారు. జవాబిచ్చేవాళ్లు లేకపోతే ఆ ఏళ్లు లెక్కలోకి రాకపోవచ్చు. అప్పటి జీతం స్లిప్పులు, నియామక పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు వెతికి పెట్టుకోండి. ఆసుపత్రి వేరే యాజమాన్యం చేతికి వెళ్లి ఉంటే పాత రికార్డులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి. ఇప్పుడు పనిచేసే చోట తీసుకునే పత్రం మాత్రం పక్కాగా ఉండాలి: చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, వార్డు, వారానికి ఎన్ని గంటలు, సంతకం చేసినవారి పేరూ హోదా, ఆసుపత్రి సొంత ఈమెయిల్. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంటే అక్కడే ఫైలు ఆగుతుంది. దరఖాస్తుకు ముందే సరిచేయించండి. లేని అనుభవం రాయించుకోవాలన్న ఆలోచన మాత్రం వద్దు. పట్టుబడితే ఆ మచ్చ తర్వాత వేసే దరఖాస్తులనూ వెంటాడుతుంది.

ప్రశ్న: ఓఈటీ రైటింగ్‌లో రెండుసార్లు పోయింది. ఇంగ్లిష్ బాగానే వస్తుంది, గ్రామర్ తప్పులు లేవు.

జవాబు: అయితే తప్పు ఇంగ్లిష్‌లో కాదు, ఏది రాయాలో ఏరుకోవడంలో ఉండొచ్చు. మొదటి ఐదు నిమిషాలు కేస్ నోట్స్ (రోగి వివరాలు) చదవడానికి, తర్వాతి నలభై ఉత్తరం రాయడానికి. సుమారు 180 నుంచి 200 మాటలు చాలు. నోట్స్‌లో ఉన్నదంతా ఎక్కించేస్తే మార్కులు పోతాయి. ఉదాహరణకు, ఆపరేషన్ అయి ఇంటికెళ్తున్న రోగి కాలి పుండుకు కట్టు కట్టమని కమ్యూనిటీ నర్సుకు (ఇళ్లకు వెళ్లి చూసే నర్సు) రాయాలి అనుకోండి. చిన్నప్పుడు అపెండిక్స్ తీసేశారన్నది ఆమెకు అక్కర్లేదు. పెన్సిలిన్ పడదన్నది, షుగర్ ఉందన్నది తప్పకుండా కావాలి. ఎందుకు రాస్తున్నారో మొదటి పేరాలోనే చెప్పేయండి, చివర్లో దాచొద్దు. రాసే ముందు ఒక్కో నోట్ పక్కన ‘చదివేవాళ్లు దీంతో ఏం చేస్తారు?’ అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. జవాబు రాకపోతే కొట్టేయండి.

ప్రశ్న: ఆఫర్ వచ్చింది. మూడేళ్ల బాండు, మధ్యలో మానేస్తే మొత్తం ఖర్చు కట్టాలట. ఏజెంటు ఒరిజినల్ సర్టిఫికెట్లు తన దగ్గర పెట్టుకుంటానంటున్నాడు.

జవాబు: ఒరిజినల్స్ ఇవ్వకండి. వెరిఫికేషన్‌కి స్కాన్ కాపీలు, ధ్రువీకరించిన నకళ్లు చాలు. ఎక్కడైనా ఒరిజినల్ చూపించాల్సి వస్తే మీరే తీసుకెళ్లి, చూపించి, వెంట తెచ్చుకోండి.

బాండులో మూడు చూడండి. ఏయే ఖర్చులు తిరిగి కట్టాలో విడివిడిగా రాశారా? నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా? పరీక్ష తప్పినా, వాళ్లే ఉద్యోగం తీసేసినా కూడా మీరే కట్టాలా? రెండేళ్ల పదకొండు నెలలు చేసినవాళ్లూ మొదటి నెలలో మానేసినంతే కట్టాలంటే అది న్యాయమైన షరతు కాదు, మార్చమని అడగండి. యూకే నియామకాల నియమావళి ప్రకారం నర్సు దగ్గర నియామక ఫీజు వసూలు చేయకూడదు. తిరిగి కట్టే షరతు స్పష్టంగా, ఖర్చుకు తగ్గట్టుగా, కాలంతో తగ్గేలా ఉండాలి. నోటిమాటగా ‘అవన్నీ ఊరికే రాస్తాం’ అంటే, ఆ మాటే ఈమెయిల్‌లో రాసివ్వమనండి.

ప్రశ్న: ఈ పరీక్షలకు చదువుకోవడానికి ఉద్యోగం మానేయనా?

జవాబు: వద్దు. అనుభవంలో విరామం వస్తే చాలా దేశాలు అడుగుతాయి. నైట్ డ్యూటీలు తగ్గించమని అడిగి, సెలవులు పరీక్షకు ముందు రెండు వారాలకు దాచుకోండి. వీసా మంజూరయ్యాకే రాజీనామా.