మానికా, మానెడా? – అటక మీది ఇత్తడి పాత్రల పేర్లు

సందేహం: విజయనగరం జిల్లా నుండి ఒక పాఠకురాలు ఇలా రాశారు. “గజపతినగరం దగ్గర మా అమ్మమ్మగారి పాత పెంకుటిల్లు విప్పిస్తుండగా అటక మీద మూడు ఇత్తడి పాత్రలు దొరికాయి. మూడూ ఒకే తీరున నిలువుగా, గొట్టంలా ఉండి ఒకదానిలో ఒకటి ఇమిడిపోతున్నాయి. పట్టుకోవడానికి పిడి లేదు, మూత లేదు. మా అబ్బాయి కలాలు పెట్టుకునేవనుకున్నాడు. మా పిన్ని మాత్రం చూడగానే ‘పెద్దది మానెడు, నడిమిది తవ్వెడు, చిన్నది సోలెడు’ అన్నది. మానెడు అంటే మానుతో చేసినదని అర్థమా? అయితే ఇత్తడిదానికి ఆ పేరెలా వచ్చింది? వీటిని ఏ పేర్లతో పిలవడం సరైనది?”

సమాధానం: మీ పిన్నిగారు వస్తువులను సరిగానే గుర్తుపట్టారు. అవి గింజలు కొలిచే పాత్రలు. అయితే ఆమె చెప్పినవి పాత్రల పేర్లు కావు, ఆ పాత్రల నిండా పట్టే గింజల పేర్లు. పాత్ర మానిక, అందులో పట్టేది మానెడు. అలాగే తవ్వకు తవ్వెడు, సోలకు సోలెడు, గిద్దకు గిద్దెడు, అడ్డకు అడ్డెడు, కుంచానికి కుంచెడు. “తవ్వ తెచ్చి తవ్వెడు బియ్యం కొలువు” అన్న మాటలో రెండు రూపాలూ తమతమ స్థానాల్లో ఉన్నాయి. రోజూ కొలిచే ఇంట్లో ఈ తేడాను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కొలవడం ఆగిపోయిన తరువాత పాత్ర పేరు వాడుక తగ్గి, కొలత పేరే దానికీ అంటుకుంది. మాటల్లో దాన్ని తప్పుపట్టను గాని, రాసేటప్పుడు “మానిక దొరికింది” అని రాయండి.

మానుకూ మానికకూ సంబంధం లేదు. కొలత అనే అర్థంలో సంస్కృతంలో ‘మానం’ అన్న మాట ఉంది, మన ‘కొలమానం’లో కనిపించేది అదే. మానిక ఆ కుటుంబానికి చెందినది. మానికకు ‘ఎడు’ చేరినప్పుడు చివరి ‘ఇక’ జారిపోయి మానెడు అయింది. పిడికిలి పిడికెడైనప్పుడు చివరి ‘ఇలి’ జారిపోయినట్టే ఇది కూడా. ఆ జారిపోయిన భాగం కనిపించకపోవడం వల్లనే మీకు మాను గుర్తుకు వచ్చింది.

ఈ ‘ఎడు’ చిన్నది గాని చాలా పనిచేసిన ప్రత్యయం. జానెడు, మూరెడు, బారెడు అని పొడవుకూ, దోసెడు, గుక్కెడు, కడివెడు, గంపెడు అని పట్టుకూ వాడతాం. పాత తెలుగులో ఇందులోని ‘డు’కు ముందు అనుస్వారం, అంటే సున్న, ఉండేది. గుడిలో అఖండదీపానికి దానం చేసినవారు వేయించిన శాసనాలలో నిత్యం ‘మానెండు నెయి’ పోయాలన్న మాట మళ్లీమళ్లీ వస్తుంది. నిఘంటువులలో అరసున్నతో ‘మానెఁడు’ అని కనిపించేది దాని తరువాతి రూపం. అంటే మీ పిన్నిగారు అలవోకగా అన్న మాటకు శిలాక్షరాల సాక్ష్యం ఉంది.

ఇక మీ మూడు పాత్రలు నిజంగా అవేనా అని తేల్చుకోవడానికి లీటర్లతో పనిలేదు. ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క తీరుగా ఉండడం వల్ల సోల ఇన్ని మిల్లీలీటర్లని అన్ని ఊళ్లకూ కలిపి చెప్పలేం. నిలకడగా ఉన్నది వాటి మధ్య లెక్క. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కాబట్టి చిన్నదాని నిండా బియ్యం పోసి, పైన అరచేత్తో చదును చేసి, నడిమిదానిలో వేసి చూడండి. రెండు మార్లకు నిండి, నడిమిది రెండు మార్లకు పెద్దదాన్ని నింపితే పిన్నిగారి మాట అక్షరాలా నిజం. చిన్నది నాలుగు మార్లు పడితే మాత్రం అది గిద్ద, నడిమిది సోల, పెద్దది తవ్వ అవుతాయి.

పాత్ర అంచును కూడా వేలితో తడిమి చూడండి. మా అమ్మ వాడిన తవ్వ ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని అంచు ఒక పక్క అరిగి పలచబడి, మరో పక్క మందంగానే ఉంది. ఆమె రోజూ ఎసట్లోకి బియ్యం కొలిచేటప్పుడు అరచేయి ఎప్పుడూ ఒకే వైపుకు లాగేది. కొలిచిన తరువాత నాలుగు గింజలు మళ్లీ బియ్యం కుండలో వేసేది, కుండ ఉత్తది కాకూడదని. కలాలు పెట్టుకునే గొట్టానికి అటువంటి అరుగుదల రాదు.

వీటిని వాడకం నుండి తప్పించినది కాలం ఒక్కటే కాదు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం వచ్చాక, 1962 ఏప్రిల్ నాటికి మెట్రిక్ కొలతలు దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. అంగళ్లలో కిలో రాయి వచ్చినా ఇళ్లలో తవ్వ, కళ్లంలో కుంచం చాలా ఏళ్లు నిలిచాయి. కోతకు, నూర్పుకు వచ్చినవారికి కూలి కుంచాలతో గింజలుగా కొలిచి ఇచ్చిన రోజులు మా ప్రాంతంలో పెద్దవారికి బాగా గుర్తు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఆరు తరువాత ‘ఏడు’ అనరు, ‘ఆరున్నొకటి’ అంటారు, గింజ ఇంటికి వచ్చే వేళ ఏడుపు మాట పలకకూడదని. పిల్లలు ఏడిస్తే ‘ఆరున్నొక్క రాగం’ అనడంలో ఉన్నదీ ఆ రెండర్థాల ఏడే.

పాత్ర కంటికి దూరమైతే సామెత కూడా మూగబోతుంది, నాకు బాధ కలిగించేది అదే. “కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు” అంటారు. కుంచం ఎంత చిన్నదో చూసినవారికే ఆ పిల్ల కళ్లకు కడుతుంది, అంత పసిదైనా మంచం దగ్గరికే అన్నం తెచ్చిపెట్టే పిల్ల. “ఏదుము తిన్నా ఏకాదశే, పందుము తిన్నా పరగడుపే” అన్నది మరీ దూరమైపోయింది. నాలుగు కుంచాలు ఒక తూము. అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము, ఇరవై తూములు పుట్టి. ఈ లెక్క తెలిస్తే గాని అన్ని గింజలు తిన్నా ఆకలి తీరనివాడి సంగతి అర్థం కాదు. ‘పుట్టెడు దుఃఖం’ అన్నప్పుడు ఎంత దుఃఖమో కూడా అప్పుడే తెలుస్తుంది: 80 కుంచాలు.

మీరు అడగని మాట ఒకటి చెబుతాను. మానిక, తవ్వ, సోల ఉన్న ఇంట్లో అడ్డ, కుంచం కూడా ఉండి ఉంటాయి. అవి వంటింటి అటక మీద కాక గాదె ఉన్న గదిలోనో, పశువుల సాలలోనో ఉంటాయి. ఇత్తడివే కానక్కరలేదు, ఇనుపరేకువి కూడా కావచ్చు. పూజగదిలో పసుపు కుంకుమలు పూసిన కుంచం ఉందేమో చూడండి, లక్ష్మీకుంచమని పెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. దొరికినవి పోతపోసినవా, రేకు సాగగొట్టినవా అన్నది శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పని చేసేవారికి చూపిస్తే పోల్చగలరు. ఇల్లు విప్పడం పూర్తయి చెత్త ఎత్తివేయకముందే, పిన్నిగారిని వెంటబెట్టుకొని ఆ గదులు ఒకసారి చూడండి. ఏ వస్తువుకు ఆమె ఏ మాట అంటే ఆ మాటను అక్కడికక్కడే కాగితం మీద రాసి, ఆ పాత్రలోనే వేసి ఉంచండి.