అల్లిక పుస్తకంలో నెలల ఖాళీ ఉంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఊలు అల్లడం మీ హాబీ. ఏం అల్లుతున్నారో, ఏ ఊళ్ళో ఏ ఊలు కొన్నారో ఒక పుస్తకంలో రాసుకుంటారు. కొన్నాళ్ళు రాశాక ఆగిపోతుంది. ఇప్పుడు ఎనిమిది నెలల ఖాళీ ఉంది, సగంలో ఆగిన శాలువా ఒకటి ఉంది. ఖాళీ అంతా నింపాలా, కొత్త పుస్తకం మొదలుపెట్టాలా అని అడిగారు.

పాత పుస్తకంలోనే, తర్వాతి పేజీలో, ఇవాళ్టి తేదీ వేసి మొదలుపెట్టండి. ఖాళీ జోలికి వెళ్ళకండి. నేను ఒకసారి నింపబోయాను. ఆదివారం మధ్యాహ్నమంతా ఫోన్‌లో ఫొటోల తేదీలు వెతుక్కుంటూ కూర్చున్నాను. మూడు నెలలు రాసేసరికి ఓపిక అయిపోయింది. ఆ తర్వాత ఇంకో రెండు నెలలు పుస్తకం తెరవాలనే అనిపించలేదు.

రాయకపోవడం వల్ల నిజంగా నష్టపోయింది ఒక్కసారే. ఆదిలాబాద్‌లో ఉండే మా నాన్నకి బూడిదరంగు స్వెట్టర్ మొదలుపెట్టాను. అక్కడి చలి సంగతి మీకు తెలిసే ఉంటుంది. వెనక భాగం 110 కుట్లు, సగం దాకా అల్లాను. ఇల్లు మారే హడావిడిలో దాన్ని పక్కన పెట్టి, సూదులు వేరే పనికి తీసేసుకున్నాను. ఏడు నెలల తర్వాత చూస్తే పుస్తకంలో ‘8 నంబర్ సూది’ అని మాత్రమే ఉంది. మన దుకాణాల్లో పాత బ్రిటిష్ లెక్కలో 8 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో అదే 8 అంటే 5 మిల్లీమీటర్లు. డిజైన్ అమెరికాది కాబట్టి 5 అనుకుని, ఢిల్లీ వెళ్తూ తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో అల్లడం మొదలుపెట్టాను. నాగపూర్ దాటాక బెర్త్ మీద పరిచి చూస్తే కింద 50 సెంటీమీటర్లున్న వెడల్పు పైన 60 దాకా పోయింది. కుండలా ఉబ్బిపోయింది. ఏడుపొచ్చింది. అల్లినదంతా అక్కడే విప్పి ఉండ చుట్టాను. విప్పిన ఊలు వంకర్లు తిరిగి ఉంటుంది కదా, ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి మళ్ళీ వాడాను.

అప్పట్నుంచి మిల్లీమీటర్లలోనే రాస్తున్నాను. ఇంకో పని కూడా చేస్తాను. మొదటి వరుస దగ్గర వేలాడే దారపు కొసకి సూది సైజును బట్టి ముడులు వేస్తాను. 4 మిల్లీమీటర్లయితే నాలుగు ముడులు. పుస్తకం ఇంట్లో మర్చిపోయినా ముడులు అల్లికతోనే ఉంటాయి.

ఇది మా అమ్మమ్మని చూసి తట్టింది. ఆవిడది నరసాపురం వైపు, క్రోషా లేసు అల్లేది. ఆవిడ ఒక్క అక్షరం రాసుకోలేదు. ప్రతి డిజైన్‌కీ అరచేయంత ముక్క అల్లి బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది. ఎన్నేళ్ళ తర్వాతైనా ఆ ముక్క చూసి మళ్ళీ అల్లేసేది. నా దృష్టిలో అది రాయడం కిందే లెక్క.

ప్రయాణాల్లో రాయలేకపోతున్నానని బాధపడ్డారు కదా. మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటి లాహౌల్‌లోని కేలాంగ్ వెళ్ళాను. అక్కడి రంగురంగుల ఊలు సాక్సులకీ, గ్లౌజులకీ 2021లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు. ఒకావిడ దుకాణం ముందు కూర్చుని చూపంతా రోడ్డు మీదే ఉంచి సాక్సు అల్లుతోంది. ఆ చేతుల్ని అలా చూస్తూ నిలబడిపోయాను. రాత్రి పుస్తకంలో ఒక్క వాక్యమే రాశాను, అదీ సాక్సుల ధర. ఫొటో తీశాను గానీ అందులో సాక్సు మీది పూల వరుస ఆవిడ వేళ్ళ చాటున ఉండిపోయింది. ఆవిడ ఇచ్చిన జానెడు ఎర్ర ఊలు పోగు మాత్రం ఆ పేజీకి టేపుతో అంటించాను. ఇప్పటికీ పేజీ తిప్పగానే చేతికి గరుగ్గా తగులుతుంది, ఆ సాయంత్రం మొత్తం గుర్తొస్తుంది. కాబట్టి ఊరు వెళ్ళినప్పుడు పేజీలకి పేజీలు రాయాలని టెన్షన్ పడకండి. ఒక పోగు, ఊరి పేరు, తేదీ చాలు. కొత్త ఊలు కొంటే ఉండకి చుట్టి వచ్చే కాగితం కూడా దాచండి. దాని మీద లాట్ నంబర్ ఉంటుంది, అంటే ఒకేసారి రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబర్. లాట్ మారితే అదే రంగు కూడా కొంచెం తేడాగా వస్తుంది, అది ఎండలో పెడితే గానీ తెలియదు.

మీ శాలువా సంగతి. సూది సైజు గుర్తులేదన్నారు. అల్లిన భాగాన్ని లాగకుండా బల్ల మీద పరిచి, అంచులు వదిలేసి, మధ్యలో 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. అదే ఊలుతో రెండు మూడు సైజుల సూదుల మీద చిన్న ముక్కలు అల్లి, ఏది ఆ అంకెకి దగ్గరగా వస్తే ఆ సూది పట్టుకోండి. ఇవాళ్టి పేజీలో మొదటి వాక్యంగా ఆ అంకె రాయండి. లెక్క తేలకపోతే ఊలు మందం, కుట్ల సంఖ్య నాకు చెప్పండి, కలిసి చూద్దాం.