అన్‌లాక్డ్ అయితే సరిపోదు, సిమ్ పెట్టే చోటు ఉందో లేదో అడగండి

మీరు అడిగింది ఇదీ: అన్నయ్య అమెరికా నుంచి వస్తున్నాడు, నాన్నకు అన్‌లాక్డ్ ఐఫోన్ తెమ్మంటే చెన్నైలో ఇబ్బంది లేకుండా పనిచేస్తుందా, డబ్బు ఆదా అవుతుందా అని.

పనిచేస్తుంది. ఆదా మాత్రం మీరు అనుకున్నంత ఉండదు. కానీ నాన్నగారి కోసం అంటున్నారు కాబట్టి నేను ముందు వేరే సంగతి చెప్పాలి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 దగ్గర నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రే లేదు. మొత్తం ఈ-సిమ్మే, అంటే కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్. అన్‌లాక్డ్ అంటే అక్కడి నెట్‌వర్క్ కంపెనీ తాళం లేదని మాత్రమే అర్థం. మన ఇంట్లో పెద్దవాళ్ల అలవాట్లకు సరిపోతుందని కాదు.

2024 సంక్రాంతికి మా అక్క డాలస్ నుంచి చెన్నైలో మా విల్లివాక్కం వచ్చింది. నాన్నగారు రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో రిటైరయ్యారు. ఆయన కోసం సీలు తీయని ఐఫోన్ 15 తెచ్చింది. నాన్నగారి పాత ఫోన్‌లో రెండు సిమ్‌లు. ఒకటి పెన్షన్ ఖాతాకి, యూపీఐకి లింకైన నంబరు. రెండోది చుట్టాలందరి దగ్గరా ఉన్న నంబరు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పాత ఫోన్‌తో వచ్చిన పిన్ను పట్టుకుని, కొత్త ఫోన్ నాలుగు అంచులూ తడిమారు. "కన్నం ఎక్కడుందిరా?" అన్నారు. "దీనికి ఉండదు నాన్నా, అక్కడ అంతా ఇలాగే" అంది అక్క.

సరే, పెన్షన్ నంబరును ఈ-సిమ్‌గా మార్చాం. మెయిల్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ని అమ్మ ఫోన్‌లో తెరిచి స్కాన్ చేశాం. టవర్ వచ్చింది, కాల్స్ వెళ్లాయి. ఎస్సెమ్మెస్‌లు మాత్రం రాలేదు, పోలేదు. సిమ్ మారిస్తే 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని టెలికాం శాఖ నిబంధన. మోసగాళ్లు మన నంబరుకు ఇంకో సిమ్ తీసి ఓటీపీలు కొట్టేయకుండా పెట్టింది, మంచిదే. కానీ కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ మొదలవ్వాలంటే ఆ నంబరు నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. అది వెళ్లదు. బ్యాంకు ఓటీపీ రాదు. ఈ ముక్క మాకు ముందుగా ఒక్కరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్నగారు బీపీ మాత్రల కోసం మందుల షాపుకి వెళ్లారు. జేబులో చిల్లర తప్ప నోట్లు లేవు, ఎందుకంటే ఫోన్‌తో కట్టడం మేమే ఆయనకు నేర్పించాం. కౌంటర్ దగ్గర నిలబడి యాప్ తెరుస్తున్నారు, మళ్లీ మొదటికే వస్తోంది. షాపాయన మంచివాడు, "పరవాయిల్లై సార్, నాళైక్కి కుడుంగ" (ఫర్వాలేదు సార్, రేపివ్వండి) అన్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎక్కడా ఒక్క రూపాయి అప్పు పెట్టని మనిషి. ఇంటికొచ్చి, "ఆ సిమ్ తీసి పాత ఫోన్‌లోనే పెట్టెయ్" అన్నారు. తీయడానికి సిమ్ ఏది? పాత కార్డు అప్పటికే చచ్చిపోయింది.

రెండో నంబరు సంగతి ఇంకా ఘోరం. ఆ కంపెనీ అప్పటికి మాకు ఈ-సిమ్ ఇవ్వలేదు. కాబట్టి చుట్టాల నంబరు పాత ఫోన్‌లో, పెన్షన్ నంబరు కొత్త ఫోన్‌లో. లక్ష రూపాయల లోపు ఫోన్ ఒకటి వచ్చి ఆయన జేబులో రెండు ఫోన్లు పెట్టింది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, అరవై దాటినవాళ్లకు సిమ్ ట్రే లేని ఫోన్ కొనకూడదు. ఫోన్ కిందపడి పగిలిందనుకోండి, మామూలు సిమ్ అయితే పక్కింటి కుర్రాడు తీసి ఇంకో ఫోన్‌లో పెట్టి ఇస్తాడు. ఈ-సిమ్ అయితే ఆధార్ పట్టుకుని స్టోర్ చుట్టూ తిరగాలి. పిల్లలు దేశంలో లేని ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఇక డబ్బు. అప్పట్లో ఐఫోన్ 15కి అమెరికాలో 799 డాలర్లని ప్రకటన. అది అక్కడి నెట్‌వర్క్‌తో కలిపి తీసుకుంటే. ఏ నెట్‌వర్కూ లేకుండా అయితే 829. దాని మీద డాలస్‌లో 8.25 శాతం పన్ను, అంటే సుమారు 897 డాలర్లు. అప్పటి 83 రూపాయల లెక్కన 74,500 దాకా అయింది. ఇక్కడ అప్పటి ధర 79,900, కార్డు ఆఫర్‌లో 5,000 తగ్గింపు. తేడా ఎంతో మీరే చూడండి! పైగా విమానాశ్రయంలో టెన్షన్. అప్పటి బ్యాగేజీ నిబంధనల్లో సుంకం లేని పరిమితి 50,000 రూపాయలు, దాటిన విలువ మీద 38.5 శాతం. ల్యాప్‌టాప్‌కి విడిగా మినహాయింపు ఉంది, సీలు తీయని ఫోన్‌కి లేదు. ప్రయాణానికి ముందు తాజా పరిమితి ఎంతో మీ అన్నయ్యను చూసుకోమనండి.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటి ఉంది. ఐఫోన్ 15 మనకు నలభై కిలోమీటర్ల దూరంలో శ్రీపెరుంబుదూరులో కూడా తయారైంది. అక్కడ షిఫ్టుల్లో పనిచేసే పిల్లల్లో మన తెలుగు ఆడపిల్లలూ ఉన్నారు. అలాంటి ఫోన్‌ని మనవాళ్లు సూట్‌కేసులో ఊరగాయ డబ్బాల స్థానంలో సముద్రాలు దాటించి తెస్తున్నారు. 2020లో మొబైళ్ల మీద జీఎస్టీని 12 నుంచి 18 శాతానికి పెంచారు. అది తగ్గిస్తే ఇలా మోసుకురావడం సగం ఆగిపోతుంది.

ఆండ్రాయిడ్ తెప్పించుకోవాలనుకుంటే ఇంకా జాగ్రత్త కావాలి. జియోకి 2జీ, 3జీ లేవు, కాల్ అంటే వోల్టీనే, అంటే 4జీ మీదే వెళ్లే కాల్. అమెరికా మోడల్‌లో ఇక్కడి వోల్టీ పనిచేయకపోతే ఇంటర్నెట్ వస్తుంది, కాల్ వెళ్లదు. ఇక్కడి నెట్‌వర్కులు వాడే సిగ్నల్ బ్యాండ్లు, అంటే 4జీలో 3, 5, 8, 40, 5జీలో ఎన్28, ఎన్78, ఆ ఫోన్‌లో ఉన్నాయో లేదో చూడాలి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. చెన్నైలో ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో ట్రే పెట్టించుకోవచ్చని ఎవరైనా అంటే వినకండి. ఫోన్ విప్పితే నీళ్లు ఆపే సీలు పోతుంది, వారంటీ దానితోపాటే పోతుంది.

మీ అన్నయ్య ఇప్పటికే కొనేసి ఉంటే డబ్బా మీద మోడల్ నంబరు చదవమనండి. చివర ఎల్ఎల్/ఏ ఉంటే అమెరికాది. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో చూడమనండి. వాయిదాల మీద తీసుకున్నదైతే బాకీ పూర్తిగా కట్టేశాకే విమానం ఎక్కాలి. ఇంకా కొనకపోతే ఆపేయమనండి. మీ నాన్నగారిని వెంటబెట్టుకుని టీ నగర్‌లోనో అన్నానగర్‌లోనో షాపుకి వెళ్లి, ఆయన రెండు నంబర్లూ ఆ ఫోన్‌లో మోగించి చూసి కొనండి.