ఎత్తయిన పుస్తకాల ర్యాకు నిటారుగా నిలవాలంటే

ప్రశ్న: పెట్టెలో విడిభాగాలుగా వచ్చే పుస్తకాల ర్యాకులు రెండు కొని, దానితో ఇచ్చిన కాగితం చూసుకుంటూ నేనూ మావారూ బిగించుకున్నాం. ఒక్కొక్కటి 202 సెంటీమీటర్ల ఎత్తు, 80 వెడల్పు, 28 లోతు. పక్కపక్కన నిలబెడితే కింద ఆనుకునే ఉన్నాయి గానీ, పైన వేలు దూరేంత సందు వస్తోంది. ఒకటి ముందుకు కూడా వాలుతోంది. అడుగున అట్టముక్కలు మడిచి పెడితే నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికే వచ్చింది. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: పైన కనిపించే వాలు చాలావరకు పాదాల కింద పుట్టినదే. మీ ర్యాకు లోతుకు ఎత్తు ఏడింతలకు పైగా ఉంది కాబట్టి, నేల ముందువైపు 3 మిల్లీమీటర్లు దిగి ఉన్నా ర్యాకు తల 2 సెంటీమీటర్లకు పైగా ముందుకు వస్తుంది. పక్కవాటుగా అదే 3 మిల్లీమీటర్ల తేడా ఉంటే పైన ఏడున్నర మిల్లీమీటర్ల వాలు వస్తుంది. రెండు ర్యాకులూ చెరో పక్కకు వాలితే ఆ సందు రెట్టింపవుతుంది. మీరు చెప్పిన వేలంత సందు ఇలాగే వచ్చి ఉండవచ్చు.

అయితే నేలను అనుమానించే ముందు ర్యాకు చట్రం మూలమట్టానికి ఉందో లేదో, అంటే నాలుగు మూలలూ సరిగ్గా లంబకోణంలో ఉన్నాయో లేదో చూడాలి. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు, కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే చట్రం సరిగా ఉన్నట్టే. 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే మాత్రం, కింద ఎన్ని ముక్కలు పెట్టినా ఆ సందు పోదు. ఇలాంటి ర్యాకుల్లో అరలను, పక్క పలకలను కలిపేవి కొయ్య పుల్లలు, తిప్పి బిగించే కామ్ లాకులు మాత్రమే. ర్యాకు పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచే పని దాదాపు మొత్తం వెనక కొట్టిన పల్చని పలకదే. చూడటానికి దుమ్ము పడకుండా పెట్టిన అట్టలా కనిపిస్తుంది గనుక చాలామంది దాన్ని ఆఖర్న తొందరతొందరగా మేకులు కొట్టి ముగించేస్తారు. నా దృష్టిలో మొత్తం బిగింపులో అన్నిటికన్నా నిదానంగా చేయవలసిన పని అదే.

తేడా ఉంటే పుస్తకాలు తీసేసి, ర్యాకును దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, వెనక మేకులు ఊడదీయండి. కొలత ఎక్కువ వచ్చిన మూలను మోకాలితో మెల్లగా లోపలికి నెడుతూ ఉంటే ఆ కొలత తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. రెండూ కలిసిన క్షణంలో ఒకరు కదలకుండా పట్టుకోవాలి, రెండోవారు ముందు నాలుగు మూలల్లో ఒక్కో మేకు కొట్టాలి. మరోసారి కొలిచి చూసుకున్నాకే మిగిలిన మేకులు కొట్టాలి. పాత రంధ్రాల్లో మేకు వదులుగా ఉంటుంది కనుక వాటికి కాస్త పక్కన కొట్టండి. కామ్ లాకులను చేతి స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి. మెషీన్‌తో బిగిస్తే పార్టికల్ బోర్డు లోపల పొడి రాలి, లాకు ఇక ఎప్పటికీ పట్టదు.

ఇక నేల సంగతి. తిన్నని చెక్క మీద రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి, ర్యాకులు నిలిచే చోటంతా చూసి, ఎక్కువ ఎత్తున్న చోటు గుర్తించండి. ఆ చోటున్న ర్యాకును ముందు నిలబెట్టి, రెండోదాన్ని దాని ఎత్తుకు లేపండి. దించడం మన చేతిలో లేదు, లేపడమే ఉంది. మీరు పెట్టిన అట్టముక్కలు తడిగుడ్డ పెట్టినప్పుడు నాని అణిగిపోయి ఉంటాయి. వాటి బదులు వడ్రంగి దగ్గర మిగిలిపోయే సన్‌మైకా ముక్కలు అడగండి. ఒక్కోటి సుమారు 1 మిల్లీమీటరు మందం ఉంటుంది, నీటికి ఉబ్బదు, కావలసినన్ని ఒకదానిపై ఒకటి పేర్చుకోవచ్చు. వాటిని పక్క పలకల కిందే పెట్టాలి, ఎందుకంటే పుస్తకాల బరువంతా నేలకు దిగేది ఆ పలకల మీదుగానే.

రెండు ర్యాకులూ మట్టానికి వచ్చాకే గోడకు బిగించండి. మన ఇళ్లలో గోడ అడుగున స్కర్టింగ్ రాయి కొంచెం ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది కాబట్టి ర్యాకు వీపు గోడకు ఆనదు. ఆ సందు మూయాలని పైన ర్యాకును గోడకు పట్టి ఉంచే క్లాంపును గట్టిగా బిగిస్తే, ర్యాకు తల వెనక్కి పోయి, ముందు పాదాలు నేల నుంచి లేస్తాయి. అలా కాకుండా, సందు ఎంత ఉందో అంత మందం చెక్కముక్కను పైభాగంలో గోడకూ ర్యాకుకూ మధ్య పెట్టి, దాని మీదుగా బిగించండి. ఇటుక గోడైతే రంధ్రం ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి వెళ్లాలి. ఏఏసీ బ్లాకుల (తేలికపాటి సిమెంటు బ్లాకుల) గోడైతే డ్రిల్లులో హ్యామర్ ఆపి రంధ్రం చేసి, ఆ బ్లాకులకని విడిగా అమ్మే ప్లగ్గులు వాడాలి. మామూలు రావల్ ప్లగ్గు ఆ గోడలో తిరిగిపోతుంది.

మీ బాబు గురించి రాశారు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మట్టంగా ఉన్న ర్యాకు కూడా పిల్లవాడు అరలను మెట్లుగా చేసుకుని ఎక్కితే ముందుకు పడుతుంది. 2016 జూన్‌లో అమెరికాలో ఐకియా సంస్థ, గోడకు బిగించకపోతే పిల్లల మీద పడే ప్రమాదం ఉందని, దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. వాటి కింద పడి పిల్లలు చనిపోయిన తర్వాత తీసుకున్న నిర్ణయమది. గోడ బిగింపు అయ్యేదాకా బాబును ఆ గదిలో ఒంటరిగా వదలకండి. నిఘంటువుల వంటి బరువైనవి కింది అరలో పెట్టండి, వాడి బొమ్మలేవీ పై అరల్లో ఉంచకండి.

ప్రశ్న: మా ర్యాకు ఎత్తు 210 సెంటీమీటర్లు, లోతు 40. నేల నుంచి అటక అడుగుకు 212 ఉంది. పడుకోబెట్టి బిగించి లేపబోతే అటకకు తగులుతోంది. కొలత తప్పా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ కొలత తప్పు కాదు. లేచేటప్పుడు ర్యాకుకు కావలసింది దాని ఎత్తు కాదు, పక్క పలక ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న దూరం. మీ ర్యాకుకు అది దాదాపు 214 సెంటీమీటర్లు. అందువల్ల గది మధ్యలో, ఫ్యాను రెక్కలకు దూరంగా లేపి, పాదాల కింద మందపాటి దుప్పటి వేసి, ఇద్దరు పట్టుకుని నిలువుగానే అటక కిందికి జరపండి. ఆ పైన మిగిలే 2 సెంటీమీటర్లు చాలు. అయితే లోపలికి వెళ్లాక సన్‌మైకా ముక్కలు పెట్టడానికి చోటు ఇరుకు కాబట్టి, అక్కడి నేల మట్టం ముందే చూసి ముక్కలు పేర్చి ఉంచుకోండి.

ప్రశ్న: అద్దె ఇల్లు. గోడకు రంధ్రం వేయనివ్వరు. ఎత్తయిన ర్యాకు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పిల్లలు మసలే ఇల్లయితే వద్దు. నడుము ఎత్తు మించనివి రెండు తీసుకోండి. ఎత్తయినదే కావాలనుకుంటే ఇంటివారితో మరోసారి మాట్లాడి చూడండి: కావలసినవి రెండే రంధ్రాలు, అవీ 8 మిల్లీమీటర్లవి. ఖాళీ చేసే రోజున కాస్త లప్పం పెట్టి రంగు వేయించి ఇస్తామని చెబితే ఒప్పుకోవచ్చు.