పనోరమా, విహంగవీక్షణం ఒకటేనా?

ప్రశ్న: ఒక యాత్రారచనను తెలుగులోకి అనువదిస్తున్నాను. కొండమీది గుడి నుంచి కనిపించే దృశ్యాన్ని రచయిత ‘పనోరమిక్’ అన్నారు. దానికి ‘విహంగవీక్షణం’ అని రాయవచ్చునా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రాయకపోవడమే మంచిది. రెండు మాటలూ విశాలమైన చూపునే చెబుతున్నా, చూసేవారు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్న దగ్గర అవి వేరైపోతాయి.

‘పనోరమా’ ప్రాచీన కాలం నుంచి వచ్చిన మాట కాదు. ఐర్లండులో పుట్టిన చిత్రకారుడు రాబర్ట్ బార్కర్, ఎడింబరోలోని కాల్టన్ కొండ నుంచి కనిపించే నగరాన్ని చుట్టూ తిరిగివచ్చే ఒకే చిత్రంగా వేసి, ఆ పద్ధతికి 1787లో పేటెంటు పొందాడు. తరువాత నాలుగైదేళ్లలో, ‘సమస్తం’ అనే అర్థంగల ‘పాన్’, ‘దృశ్యం’ అనే అర్థంగల ‘హొరామా’ అన్న గ్రీకు పదాలను కలిపి కట్టిన ఈ పేరు వాడుకలోకి వచ్చింది. 1793లో లండన్‌లోని లెస్టర్ స్క్వేర్‌లో ఇందుకోసమే గుండ్రని భవనం కట్టారు. ప్రేక్షకులు నడుమనున్న వేదికపై నిలబడితే, పైనుంచి పడే వెలుగులో, అంచులు కనబడకుండా అమర్చిన చిత్రం వారిని నలువైపులా చుట్టుముట్టేది. (శ్రీరంగపట్నం కోట ముట్టడిని రాబర్ట్ కెర్ పోర్టర్ 1800లో ఇలాంటి భారీ చిత్రంగానే వేసి, లండన్‌లో ప్రదర్శించాడు. మన నేలపై టిప్పు సుల్తాన్ పతనాన్ని అక్కడివారు అలా చూశారు.) కాలక్రమంలో ఈ పేరు చిత్రాన్ని దాటి, అడ్డులేకుండా పరచుకున్న ఏ దృశ్యానికైనా, ఒక విషయపు సమగ్రచిత్రణకైనా వర్తించింది. భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో 1978లో మొదలైన ‘ఇండియన్ పనోరమా’ విభాగం ఆ విస్తృతార్థానికి ఉదాహరణ.

విహంగవీక్షణం పక్షి చూపు. అంటే పైనుంచి కిందికి చూడడం. వివరాలలోకి దిగకుండా మొత్తాన్ని స్థూలంగా పరిశీలించడానికి, ‘తెలుగు కథ – విహంగవీక్షణం’ వంటి శీర్షికలలో అది చక్కగా అమరుతుంది. పనోరమాకు ఎత్తుతో పనిలేదు; కొండమీద నిలబడినా, నేలమీద నిలబడినా చూపు చుట్టూ తిరగడమే ముఖ్యం. మీ ఊరి గోదావరి మధ్యకు పడవలో వెళ్లి చుట్టూ చూడండి: ఇటు రాజమహేంద్రవరం రేవులు, అటు కొవ్వూరు గట్టు, నది పొడవునా పాత హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన. నీటిమట్టానికి దాదాపు సమానంగా కూర్చుని చూసే ఈ దృశ్యం అచ్చమైన పనోరమా. దీనిని విహంగవీక్షణం అనడం ఎంతమాత్రం పొసగదు. సింహావలోకనం నడిచివచ్చిన దారిని వెనుదిరిగి చూడడం కాబట్టి, ఇక్కడ దాని ప్రసక్తే లేదు.

ఒకే పదం కావాలంటే నేను ‘పరిదృశ్యం’ వైపు మొగ్గుతాను. పరిసరం, పరిభ్రమణం వంటి మాటలలో ఉన్న ‘చుట్టూ’ అనే భావం అందులో నిలుస్తుంది. అయితే యాత్రారచనలో విశేషణానికి విశేషణమే పెట్టాలన్న నియమం లేదు. ‘గుడి ముంగిట నిలిచి ఒక్కసారి చుట్టూ తిరిగితే, కనుచూపు మేర నలుదిక్కులా...’ అని మొదలుపెట్టి, అక్కడ కనిపించేవాటిని వరుసగా చెప్పండి.