కోడ్ పుస్తకం తెరిస్తే పిల్లలు బెదిరిపోతున్నారు

ప్రశ్న: చెన్నైలో సివిల్ మూడో ఏడాది పిల్లలకు ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం, అదే మా కోడ్ పుస్తకం) చెబుతున్నాను. క్లాజు నంబర్లు బట్టీ పడతారు, ఎందుకని అడిగితే మాత్రం నోరు మెదపరు. ఏం చేయాలి?
– ఒక తెలుగు లెక్చరర్, తాంబరం

జవాబు: మేడమ్, ముందు ఆ నంబర్లు అడగడం మానేయండి, పుస్తకం చేతికిచ్చి వెతకమనండి. మీది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది! బీసెంట్ నగర్ వైపు తీసుకెళ్లి, బాల్కనీ కింద పెచ్చులూడి చువ్వలు బయటపడ్డ పాత బిల్డింగ్ ఏదైనా కనిపిస్తే అక్కడ కాసేపు ఆగండి. ఉప్పు గాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి దిగి చువ్వను చేరతాయి, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైనున్న కాంక్రీటును పగలగొడుతుంది. ఇది కళ్లారా చూశాక కోడ్‌లో 16వ పట్టిక తీయమనండి. మైల్డ్ (పెద్దగా హాని చేయని) వాతావరణానికి 20 మి.మీ. కవర్, అంటే చువ్వ మీద కాంక్రీటు మందం, చాలన్న కోడే తీరప్రాంతానికి 45 ఎందుకు అడిగిందో, 5వ పట్టికలో కనీసం ఎం30 గ్రేడు బలమున్న కాంక్రీటు ఎందుకు వేయమందో వాళ్లే చెబుతారు. మీ ఇంటర్నల్ పరీక్షల్లో కోడ్ దగ్గర పెట్టుకోనివ్వండి, ఆ టెన్షన్ సగం అక్కడే పోతుంది. అన్నట్టు, సీనియర్ల నుంచి వచ్చిన పాత జిరాక్సులు వద్దు, వాటిలో తర్వాతి సవరణలు ఉండవు. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) పోర్టల్‌లో భారతీయ ప్రమాణాలు ఉచితంగానే దొరుకుతున్నాయి.