మంత్రి ముందా, గుర్రాలు ముందా?

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. చదరంగం వాళ్ల తాతయ్య దగ్గర నేర్చుకుంది. ఇంట్లో అందరినీ ఓడిస్తుంది. మొన్న పోటీల్లో మాత్రం రెండు ఆటలూ ఇరవై ఎత్తుల్లోపే పోగొట్టుకుని ఏడ్చుకుంటా వచ్చింది. రెండిట్లోనూ ముందు మంత్రే పోయింది. తను రాసుకొచ్చిన ఎత్తులు పంపుతున్నాను. కోచింగుకు నెల్లూరు పంపాలా?
– ఒక తల్లి, కావలి

జవాబు: పాప ఎత్తులు రాసుకొచ్చింది చూడండమ్మా, అది నాకు చాలా సంతోషం. ఆ కాగితం పక్కన పెట్టుకుని బోర్డు మీద ఆడి చూశాను.

మొదటి ఆటలో తెల్లపావులు తనవి. ఈ4కు బంటు, హెచ్5కు మంత్రి, సీ4కు శకటు (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు గుర్తు). నాలుగో ఎత్తులో ఎఫ్7 కొట్టి చెక్‌మేట్ చేద్దామని. ఇంట్లో ఎవరూ గమనించక ఓడిపోతున్నారు. పోటీలో ఎదురు కూర్చున్న పిల్లవాడు గమనించాడు. జీ6కు బంటు తోశాడు. మంత్రి ఎఫ్3కు వెనక్కి వస్తే రెండో గుర్రాన్ని కూడా దించాడు.

అక్కడ ఆట ఆపి పాపకు బోర్డు చూపించండి. తన నాలుగు ఎత్తుల్లో రెండు మంత్రికే పోయాయి, అవతల రెండు గుర్రాలూ బయటికొచ్చేశాయి. మంత్రి విలువ 9, గుర్రం, శకటు 3, బంటు 1. చిన్న పావు బెదిరించినప్పుడల్లా పెద్దది పరుగెత్తాల్సిందే. ఆ పరుగులోనే ఎదుటివాడి బలగం దిగిపోతుంది. పైగా ఎఫ్3 గుర్రం కూర్చోవాల్సిన గడి. అక్కడ మంత్రి కూర్చుంది.

ఆ గడి విలువ తెలియాలంటే గుప్పెడు చింతపిక్కలు తీసుకోండి. ఖాళీ బోర్డు మీద గుర్రాన్ని ఎఫ్3లో పెట్టి, అది దూకగల ప్రతి గడిలో ఒక పిక్క వెయ్యమనండి. ఎనిమిది పడతాయి. హెచ్3లో పెడితే నాలుగే. మూలన ఏ1లో అయితే రెండు. నా దగ్గరికొచ్చే పిల్లలందరికీ ముందు ఇదే చేయిస్తాను. తన చేత్తో పిక్కలేసిన పిల్ల గుర్రాన్ని ఊరికే అంచుకు తోయదు.

ఇకమీదట మొదటి పది ఎత్తులు ఇలా ఆడమనండి: నడిమి గళ్లలో ఒకటో రెండో బంట్లు, తర్వాత గుర్రాలు, శకటులు, ఆ వెంటనే క్యాస్లింగ్ (రాజు ఏనుగు వైపు రెండు గళ్లు జరిగితే, ఏనుగు రాజును దాటి పక్కన కూర్చునే ఎత్తు). తప్పనిసరైతే తప్ప ఒకే పావును రెండుసార్లు కదపొద్దు. మంత్రి అప్పటిదాకా ఇంట్లోనే.

రెండో ఆటలో పాప క్యాస్లింగే చెయ్యలేదు. మన పాత ఆటలో అది లేదు, రాజు ఒక్కసారి గుర్రంలా దూకేవాడు. బంటు మొదట కూడా ఒక్క గడే నడిచేది. తాతయ్యగారు అలా నేర్పి ఉంటే తప్పు పట్టొద్దు. పోటీ నియమాలు ఆయనకూ చెప్పండి, ఇద్దరూ కలిసి ఆడతారు.

కోచింగుకు తొందరేం లేదమ్మా. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన మన కోనేరు హంపికి తొలి గురువు వాళ్ల నాన్న అశోక్‌గారే. రెండు నెలలు తాతయ్యతో ఇలా ఆడించి, ఓడిన ఆటల కాగితాలు మళ్లీ పంపండి. గెలిచినవి వద్దు.